ఎలుకకు పోసిన పురుడు

నేను రిటైరై పద్నాలుగు నెలలైంది. వెటర్నరీ కాలేజీలో సీటు తెచ్చుకున్న మన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఈమధ్య ఫోన్ చేసి, "ఆంటీ, మీ ఎక్స్‌పీరియన్స్ గురించి ఏమైనా చెప్పండి" అంటున్నారు. వాళ్లకు కావలసింది ఏ పరీక్ష ఎప్పుడు రాయాలి, దేనికి డిమాండ్ ఉంది అన్నది. అవి నాకంటే ఇంటర్నెట్ బాగా చెబుతుంది. ఏళ్ల తరబడి రోజూ బల్ల మీదికి ఏం వస్తుందో, దాన్ని తెచ్చిన మనిషి మొహంలో ఏముంటుందో, మనం ఎక్కడ పప్పులో కాలేస్తామో మటుకు నేను చెప్పగలను.

అమెరికాలో, బాతెల్ అనే ఊళ్లో ఒక చిన్న క్లినిక్‌లో ఇరవై ఆరేళ్లు చేశాను. కుక్కలు, పిల్లులు చూశాను. కానీ చుట్టుపక్కల ఊళ్లలో నా పేరు తెలిసినవాళ్లకి నేను ఎలుకల డాక్టర్ని. ఆ పేరుకి మొదట్లో సిగ్గుపడ్డాను, తర్వాత గర్వపడ్డాను. ఒక శనివారం తర్వాత ఆ గర్వం కూడా పోయింది. ఆ శనివారం గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను. నెమ్మదిగా వస్తాను.

కొత్తగా వచ్చినవాళ్లకి ఎలుకలు

తిరుపతిలో పశువైద్యం చదివాను. అంటే గేదెలు, ఆవులు. చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి దూడను తిప్పి బయటికి లాగిన మనిషిని. ఇక్కడ లైసెన్సు తెచ్చుకుని క్లినిక్‌లో చేరిన మొదటి వారమే నా బల్ల మీద అరచేతిలో పట్టే తెల్ల ఎలుకను పెట్టారు. ఆ క్లినిక్‌లో అదే ఆనవాయితీ. ఎలుకలు ఎవరికీ వద్దు, కొత్తగా వచ్చినవాళ్లకి ఎలుకలు.

మా అమ్మకి ఫోన్‌లో చెబితే, "ఇంత చదువూ చదివి ఎలకలకి మందేస్తున్నావా? మనం మందు పెట్టేది చావడానికే కదే!" అంది. మూడేళ్లపాటు పార్టీల్లో ఎవరైనా అడిగితే "స్మాల్ యానిమల్స్" అని మాట దాటేసేదాన్ని.

మా క్లినిక్ యజమాని డాక్టర్ ఇంగ్రిడ్. పొడుగాటి మనిషి, మాట మటుకు పొట్టి. ఒకరోజు కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర రక్తం కారుతున్న ఎలుకను తెచ్చారు. రక్తం ఎక్కడిదో తెలియక ఇంగ్రిడ్‌ని పిలిచాను. ఇంగ్రిడ్ వచ్చి తడి దూదితో ఆ ఎరుపు తుడిచి చూపించింది. అది రక్తం కాదు. ఎలుకకు కంటి వెనక ఒక గ్రంథి ఉంటుంది, దాని నుంచి వచ్చే నీరే ఎర్రగా ఉంటుంది. జబ్బు చేసినా, బెదిరినా, బాధలో ఉన్నా అది ఎక్కువగా కారుతుంది.

"దీనికేదో కష్టం వచ్చింది. ఏం కష్టమో ఎలుక చెప్పదు. తెచ్చినవాళ్లని అడుగు" అంది.

వెళ్లబోతూ ఇంకో మాట చెప్పింది. "బాగానే చూసుకుంటున్నాం అంటారు. అది జవాబు కాదు. ఏం పెట్టారు, ఎంత పెట్టారు, ఎవరు పెట్టారు. మూడూ అడుగు. నీకు నచ్చిన మనుషులైతే ఇంకా గట్టిగా అడుగు."

మొదటి మూడు ప్రశ్నలూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. చివరి మాట రాసుకోలేదు. అది నాకు అవసరం లేదనుకున్నాను.

హరిత కూతుళ్లు

నా మొదటి పెద్ద తప్పు నవ్వు తెప్పించే తప్పు. కాబట్టి ముందు అది చెబుతాను.

హరిత అని వరంగల్ అమ్మాయి, ఇక్కడ మాస్టర్స్ చేస్తోంది. నలుగురు అమ్మాయిలు కలిసి ఉండే అపార్ట్‌మెంట్. ఒంటరిగా ఉందని రెండు ఎలుక పిల్లల్ని తెచ్చుకుంది. ఎలుక ఒక్కటే బతకలేదు, తోడుండాలి, అంతవరకు మంచి పనే చేసింది. నేను వాటిని చేతిలో తిప్పి చూసి, "ఇద్దరూ ఆడపిల్లలే" అని సర్టిఫికెట్ ఇచ్చేశాను. గేదెనో దున్ననో దూరం నుంచే పోల్చుకునే మనిషిని, నెల పిల్లల దగ్గర తొందరపడ్డాను.

నెలన్నర తర్వాత ఫోన్. "మేడం, మీరే కదా ఇద్దరూ ఆడపిల్లలే అన్నరు! ఒక ఆడపిల్ల పన్నెండు మందిని కన్నది. ఇంకో ఆడపిల్ల పక్కన్నే కూసోని సూస్తున్నది."

నవ్వాపుకుంటూ సారీ చెప్పాను. కానీ ఆ నవ్వులో ఇంకో మాట చెప్పడం మరిచిపోయాను, మగదాన్ని వెంటనే వేరు చేయమని. ఎలుక ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. మూడు వారాలకి ఇంకో పది పుట్టాయి. మొదటి ఈత పిల్లలు పాలు మరవకముందే రెండోవి వచ్చి పడితే తల్లి ఏమవుతుందో ఊహించుకోండి. తల్లి చనిపోయింది. హరిత నా ముందు ఏడవలేదు. "నాకు తెల్వదు మేడం. మీకైతే తెలుసు కదా" అంది. ఆ మాటలో కోపం లేదు, అందుకే ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి, ఎలుక పిల్లలు పుట్టిన ఇంటికి చెప్పాల్సినవి ఒక కాగితం మీద టైప్ చేయించి పెట్టుకున్నాను. మగదాన్ని కాన్పుకి ముందే వేరే గూటిలో పెట్టండి. గూటిలో దూది వేయకండి, పోగులు పిల్లల కాళ్లకి చుట్టుకుని కోసేస్తాయి. అచ్చు లేని కాగితం చింపి ఇవ్వండి, గూడు తల్లే కట్టుకుంటుంది. ఘాటు వాసన వచ్చే చెక్క పొట్టు వద్దు. మొదటి నాలుగు రోజులు గూడు కడగకండి, తన వాసన పోతే తల్లి బెదిరిపోతుంది. రోజుకి ఒకసారి తొంగి చూడండి, చాలు. పిల్లల చర్మం పల్చగా ఉంటుంది కాబట్టి తాగిన పాలు పొట్టలో తెల్లటి పట్టీలా బయటికే కనిపిస్తాయి. ఆ పట్టీ ఉంటే అంతా బాగున్నట్టే. రెండు వారాలకి కళ్లు తెరుస్తాయి. ఐదు వారాలకి మగపిల్లల్ని తీసేయండి. తల్లికి మంచి తిండి, కాస్త ఉడికిన గుడ్డు పెట్టండి. నీళ్ల సీసా ఎప్పుడూ నిండుగా ఉండాలి.

ఇంగ్లీషులో ఒక పేజీ. చాలా బాగుందని ఇంగ్రిడ్ మెచ్చుకుంది కూడా.

జాజి

ఒక వసంతకాలం, బయట చినుకులు పడుతున్నాయి. ముగ్గురు వచ్చారు. తొమ్మిదేళ్ల మైత్రి, వాళ్ల నాన్న శ్రీకాంత్, అమ్మమ్మ మాణిక్యమ్మ గారు. శ్రీకాంత్‌ది రెడ్‌మండ్‌లో పెద్ద ఉద్యోగం. బెంచీ మీద కూర్చుని ఫోన్ చూస్తూ చూడనట్టు ఉన్నాడు. పాప చేతిలో డబ్బా, డబ్బాలో గోధుమ రంగు ఎలుక. పేరు నట్‌మెగ్ అంది.

"జాజికాయ అంటమ్మా ఆ పేరుకి. నేను జాజి అంటున్నా" అన్నారు మాణిక్యమ్మ గారు. తెనాలి మాట, మా వైపుదే. ఆ మాట వినగానే నా ప్రాణం లేచి వచ్చింది. ఆవిడ శాలువా నుంచి సాంబ్రాణి, వాము కలిసిన వాసన వచ్చింది. మా ఇంట్లో పురిటి గది వాసన అది. ఆ వాసన పీల్చి ఎన్నేళ్లయిందో.

ఎలుక పొట్ట తడిమి చూశాను. "ఇది కడుపుతో ఉంది. ఇంకో వారం" అన్నాను. కొన్న దుకాణంలో ఆడా మగా కలిపి ఉంచి ఉంటారు. మామూలే.

మైత్రి మొహం విప్పారింది. మాణిక్యమ్మ గారు ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత ఆ డబ్బా మీద చెయ్యి వేసి, "ఐతే దీనికి పురుడు నేను పోస్తాను" అన్నారు.

"మీరు అమ్మాయి పురిటికి వచ్చారా పిన్నిగారూ?" అన్నాను.

"ఆ. పురిటికే వచ్చాను."

"పాపా, బాబా?"

"బాబు."

"ఇంకేం! ఇంట్లో ఇద్దరు బాలింతలు. మీకు చేతినిండా పని" అని నవ్వాను.

ఆవిడ కూడా నవ్వినట్టు చేశారు. మైత్రి డబ్బా మూత వైపు చూస్తూ ఉండిపోయింది. ఇవన్నీ నా కంటి ముందే జరిగాయి. చూశాను, కానీ గమనించలేదు.

తర్వాత పది నిమిషాలు ఏం చేశానంటే, తెనాలి కబుర్లు చెప్పించుకున్నాను. సాంబ్రాణి పొగ వేస్తే అలారం మోగి అపార్ట్‌మెంట్ అంతా బయటికి పరుగెత్తిందనీ, ఫైరింజన్ వాళ్లు వచ్చి ఈవిడ చేతిలో ధూపం గిన్నె చూసి తెల్లబోయారనీ ఆవిడ చెబుతుంటే కడుపుబ్బ నవ్వాను. వెళ్లబోతుంటే కాగితం తీసి శ్రీకాంత్ చేతికి ఇచ్చాను. ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు. మాణిక్యమ్మ గారికి తెలుగులో రెండు ముక్కలు చెప్పబోయాను.

"బాలింత సంగతి నాకు చెప్పక్కర్లేదమ్మా. ఆరుగురికి పురుళ్లు పోసిన చెయ్యి ఇది" అన్నారు.

నాకు ముచ్చటేసింది. సరే పిన్నిగారూ అన్నాను.

ఆరుగురికి పురుడు పోసిన తెనాలి చెయ్యి పచ్చి బాలింతకి ఏం చేస్తుందో నాకు తెలియదా? నా కాన్పుకి మా అమ్మ చేసింది అదే. తలకి గుడ్డ, చెవుల్లో దూది, మందు దినుసులు దంచిన కాయం ముద్ద, వెల్లుల్లి కారంతో నెయ్యన్నం. నీళ్లు మటుకు గొంతు తడుపుకోవడానికే. బాలింత నీళ్లు తాగితే పొట్ట వస్తుంది, బిడ్డకి జలుబు చేస్తుంది అని. మూడు రోజులు నోరెండిపోయి, పశువైద్యం చదివిన నేను బాత్‌రూమ్ కొళాయి కింద దోసిలి పట్టి దొంగతనంగా నీళ్లు తాగాను. అవన్నీ మరిచిపోయాను. కాదు, మరవలేదు. ఆ వాసనకి ఆ మంచి మాత్రమే గుర్తొచ్చింది. ఇదే కుటుంబం వేరే దేశం వాళ్లయితే మూడు ప్రశ్నలూ వరసగా అడిగి ఉండేదాన్ని.

రెండు ఫోన్లు

వారానికి ఫోన్ వచ్చింది. "డాక్టర్ ఆంటీ, నైన్! తొమ్మిది బేబీస్!" మైత్రి గొంతు కీచుగా వినిపించింది. పొట్టల్లో తెల్ల పట్టీ ఉందా అని అడిగాను. అందరికీ ఉందంది. ముట్టుకోవద్దు, అల్లరి చేయొద్దు అని చెప్పి పెట్టేశాను.

మూడో రోజు మళ్లీ ఫోన్. నేను ఒక కుక్కకి కుట్లు వేస్తున్నాను, రిసెప్షన్ అమ్మాయి స్పీకర్ ఆన్ చేసి పట్టుకుంది.

"ఆంటీ, బేబీస్ చాలా స్క్వీక్ చేస్తుంది. మొత్తం డే."

"చిన్నపిల్లలు అరుస్తాయమ్మా. అమ్మ దగ్గరుందా?"

"ఉంది. అమ్మమ్మ కూడా ఉంది. అమ్మమ్మ అన్నీ చూస్తుంది."

"ఐతే భయం లేదు" అన్నాను.

ఆ రోజు తెల్ల పట్టీ గురించి అడగలేదు. అడిగి ఉంటే ఆ పిల్ల చూసి చెప్పేది. ఆ రోజే వచ్చి ఉంటే సగమైనా బతికేవి. ఇది నేను ఊరికే అనుకునే మాట కాదు, ఆ పిల్లల వయసుని బట్టి లెక్కవేసి చెబుతున్న మాట.

శనివారం

ఐదో రోజు శనివారం. క్లినిక్ తెరిచేసరికే ముగ్గురూ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

డబ్బా తెరిచాను. జాజి కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రగా కారి ఎండిపోయింది. మెడ దగ్గర చర్మం పట్టుకుని వదిలితే మడత అలాగే నిలబడిపోయింది. ఒంట్లో నీరు లేదు. కాగితపు గూడు కిందికి చూస్తే ఐదు పిల్లలు కదులుతున్నాయి. ఏ ఒక్క దాని పొట్టలోనూ తెల్లటి పట్టీ లేదు.

"మిగతా నాలుగు?"

మాణిక్యమ్మ గారు చేతిసంచిలోంచి రుమాలు మూట తీశారు. తీసి పట్టుకున్నారే గాని బల్ల మీద పెట్టలేదు.

అప్పుడు అడిగాను, పన్నెండు రోజుల క్రితం అడగాల్సింది. "నీళ్ల సీసా ఏది?"

"అది నేనే తీసేశానమ్మా" అన్నారావిడ. "పచ్చి బాలింతకి చన్నీళ్లు పడతాయా? కాచి చల్లార్చి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి నేనే పట్టాను. ఇదిగో, దీంతోనే." చిన్న వెండి ఉగ్గుగిన్నె చూపించారు. కొత్తది, ఇంకా మెరుస్తోంది. "వెల్లుల్లి కారం, నెయ్యి వేసి మెతుకులు కూడా తిన్నది. ఏ లోటూ చెయ్యలేదు డాక్టరమ్మా."

ఆ ఉగ్గుగిన్నె చూసి కూడా నాకు వెలగలేదు. సెలైన్ తేవడానికి గది బయటికి వచ్చాను. శ్రీకాంత్ నా వెనకే వచ్చాడు.

"మేడం, ఒక్క నిమిషం. మొన్న మీరు బాబు గురించి అడిగినప్పుడే చెప్పాల్సింది. బాబు లేడు మేడం. నైన్త్ మంత్‌లో, కడుపులోనే... నట్‌మెగ్‌ని కొన్నది కూడా అందుకే, మైత్రి ఎవరితోనూ మాట్లాడటం మానేస్తే. అత్తయ్యగారు బాబు కోసం సూట్‌కేస్ నిండా తెచ్చుకున్నారు. అవన్నీ అలాగే ఉన్నాయి. ప్రసూన గదిలోంచి బయటికి రావట్లేదు. ఈ పిల్లలు పుట్టాక ఈ ఐదు రోజులే మా ఇంట్లో మళ్లీ కొంచెం మాటలు వినపడ్డాయి. ఆవిడకి ఏం చెప్పినా కాస్త చూసి చెప్పండి మేడం. ప్లీజ్."

ఇంట్లో ఇద్దరు బాలింతలు అని నేను నవ్విన నవ్వు అప్పుడు నా చెవుల్లో మోగింది. సెలైన్ సీసా తీసుకుని గోరువెచ్చటి నీళ్లలో పెట్టాను.

లోపలికి వెళ్లి జాజి చర్మం కింద గోరువెచ్చటి సెలైన్ ఎక్కించాను. గూటికి నీళ్ల సీసా తగిలించాను. అది తూలుతూ వచ్చి సీసా మూతికున్న గుండుని నాలుకతో కొడుతూ తాగడం మొదలుపెట్టింది. టక్ టక్ టక్ మని ఆగకుండా తాగింది. మాణిక్యమ్మ గారు దాన్నే చూస్తున్నారు.

"ఇంత దాహమేంటమ్మా దీనికి?" అన్నారు.

మైత్రి నా వైపు తిరిగింది. "ఆంటీ, అమ్మమ్మ ఏమైనా రాంగ్ చేసిందా?"

నా నాలుక మీద అబద్ధం సిద్ధంగా ఉంది. పుట్టుకతోనే బలహీనమైన పిల్లలమ్మా, ఎవరూ ఏమీ చేయలేరు. ఇలాంటివి ఎన్ని ఇళ్లకు చెప్పి పంపలేదు నేను? తలుపు దగ్గర శ్రీకాంత్ నా మొహం వైపే చూస్తున్నాడు. కానీ అలా చెబితే సాయంత్రానికి ఆ సీసా మళ్లీ గూటిలోంచి బయటికి వచ్చేస్తుంది. జాజి కూడా పోతుంది. ఇంకొకటి, ఆ పిల్ల నన్ను తిన్నగా అడిగింది.

"తప్పు నాదమ్మా" అన్నాను. మాణిక్యమ్మ గారి పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. "పిన్నిగారూ, పాలిచ్చే ఎలుకకి గడియ గడియకీ నీళ్లు కావాలి. తాగిన నీళ్లే పాలవుతాయి. నీళ్లు లేక పాలు ఎండిపోయాయి. పాలు లేక పిల్లలు పోయాయి. మీరు బాలింత అనగానే నాకు తెలియాలి. మా అమ్మ నాకూ ఇదే చేసింది. తెలిసి కూడా మిమ్మల్ని అడగలేదు. మీరు చేసింది ప్రేమతో. నేను చేసింది అశ్రద్ధ."

ఆవిడ ఏడవలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "ఈ ఐదింటికీ ఏం చెయ్యాలో చెప్పు" అన్నారు. అప్పటిదాకా ఉన్న డాక్టరమ్మా అన్న పిలుపు పోయింది.

పిల్లి పిల్లల పాలపొడి కలిపాం. ఉగ్గుగిన్నెలో పోసి, సన్నటి కుంచె కొస ముంచి, ఒక్కొక్క చుక్క పెదాలకి తాకించాలి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత తడి దూదితో పొట్ట కింద మెల్లగా రాయాలి, తల్లి నాకినట్టు. లేకపోతే ఒంటికి పోవు. అరచేతి వెచ్చదనంలో ఉంచాలి. ఇరవై ఏళ్లుగా చేస్తున్న నా చేతికంటే ఆవిడ చెయ్యి నెమ్మదిగా, నేర్పుగా కదిలింది. వేలి గోరంత నోటికి చుక్క అందించి, మింగేదాకా ఊపిరి బిగబట్టి చూసేవారు. అలా పెంచితే బతికేవి తక్కువ, ఈ మాట కూడా ముందే చెప్పాను. పాలున్న మరో తల్లి ఎలుక దొరికితే ఆశ ఉంటుంది. నాలుగు చోట్లకి ఫోన్ చేశాను. ఎలుకల్ని చేరదీసే ఒకావిడ దగ్గర ఉంది, మూడింటికి వస్తానంది.

పదకొండుకి ఒకటి పోయింది. ఒంటిగంటలోపు మరో రెండు. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా మాణిక్యమ్మ గారు దాన్ని రుమాలు మూటలో చేర్చి, చేతులు కడుక్కుని వచ్చి, తర్వాతదాన్ని తీసుకున్నారు. మూడోది పోయినప్పుడు దాన్ని కాసేపు అరచేతిలోనే ఉంచుకున్నారు.

"వాణ్ణి నాకు చూపించలేదమ్మా" అన్నారు నా వైపు చూడకుండా. "నేను విమానం దిగేసరికే అన్నీ అయిపోయాయి. ఎంత ఉన్నాడో కూడా తెలియదు."

మైత్రి లేచి వచ్చి అమ్మమ్మ నడుం చుట్టూ చేతులు వేసింది. ఆ అరచేయి మటుకు అలాగే తెరిచి ఉంది.

మూడింటికి ఆ ఎలుకల్ని చేరదీసే ఆవిడ వచ్చి మిగిలిన రెండింటినీ తన తల్లి ఎలుక దగ్గర పెట్టి తీసుకెళ్లింది. మర్నాడు పొద్దుటికి అవి కూడా పోయాయని ఫోన్ చేసింది. తొమ్మిదింటిలో ఒక్కటి మిగల్లేదు. ఆ మాట శ్రీకాంత్‌కి చెబితే, "ఓకే మేడం" అని పెట్టేశాడు. నేను చూసి చెప్పలేదన్న కోపం ఆ రెండు ముక్కల్లో ఉంది. అది న్యాయమే అనుకున్నాను.

నేను నేర్చుకున్నది

మీకు క్లాసులో చెప్పనిది ఇది. మన భాష మాట్లాడే మనిషి తలుపు తోసుకుని వచ్చినప్పుడు మన బుద్ధి సగం పనిచేయడం మానేస్తుంది. వాళ్లని అడగడం అవమానించడం అనిపిస్తుంది. కాగితం అల్లుడి జేబులోకి పోతుందనీ, గూటి దగ్గర కూర్చునేది అత్తగారనీ తెలిసి కూడా కాగితం అల్లుడికే ఇస్తాం. మన ఇంటి పద్ధతులు మనకి తెలుసు కాబట్టే మనం ముందుగా పసిగట్టాలి. నేను వాసన పీల్చుకుని మురిసిపోయాను.

ఆ సోమవారం మా కాగితాన్ని తెలుగులో రాశాను. నీళ్ల సీసా మాట మొదటి వాక్యంలోకి వచ్చింది. చేతిలో పెట్టి పంపడం మానేశాను. ఇంట్లో ఎవరు చూసుకుంటారో వాళ్లని కూర్చోబెట్టి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకునేదాన్ని. ఇంట్లో ఇంకెవరున్నారు, అందరూ బాగున్నారా అని కూడా అడిగేదాన్ని. అది ఎలుకకు సంబంధించిన ప్రశ్న కాదని మీకనిపించవచ్చు.

ఇంగ్రిడ్‌కి అంతా చెప్పాను. ఓదారుస్తుందని ఆశపడ్డాను. "వాళ్లు నీకు నచ్చారు" అంది, అంతే.

ప్రసూన

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ముప్పై ఐదేళ్లావిడ జాజి గూడు పట్టుకుని వచ్చింది. నేనెప్పుడూ చూడలేదు. మైత్రి వాళ్ల అమ్మనని చెప్పింది. మొహం పాలిపోయి ఉంది, తల మటుకు చక్కగా దువ్వుకుంది.

జాజిని చూశాను. బరువు పెరిగింది, కళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఆ మంచి మాట ఆవిడకి చెప్పేశాను. "అమ్మగారు ఎలా ఉన్నారు?" అన్నాను.

"లాస్ట్ వీక్ ఇండియా వెళ్లిపోయింది" అంది. కుర్చీలో కూర్చుంది. "మా ఆయన మీ మీద కోపంగా ఉండేవాడు డాక్టర్ గారూ. ఇప్పుడు ఆ కోపం లేదు. మీకో మాట చెప్పాలని వచ్చాను."

జాజి గూటిని ఒళ్లోకి తీసుకుంది.

"ఆ శనివారం అందరూ ఇంటికొచ్చారు. నేను గదిలోనే ఉన్నాను. అప్పటికి నెలయింది, అమ్మ నాకూ పత్యమే పెడుతోంది. కాయం, కారం, గుక్కెడు కాచిన నీళ్లు. నేను చదువుకున్నదాన్నే, అవసరం లేదని తెలుసు. కానీ ఏమీ అడగాలనిపించేది కాదు. పెడితే తినేదాన్ని. బిడ్డ లేని బాలింతకి ఏం పెట్టాలో పాపం అమ్మకీ తెలియలేదు, తెలిసిందే పెట్టింది. పాలు పడ్డాయి డాక్టర్ గారూ నాకు. తాగేవాడు లేడు. దాని గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు."

నేను స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"ఆ రోజు అమ్మ చెప్పులు కూడా విప్పకుండా గదిలోకి వచ్చింది. వంటింట్లో ఉన్న పెద్ద జగ్గు, దాని నిండా నీళ్లు. నా పక్కన మంచం మీద కూర్చుని గ్లాసులో పోసింది. ‘ఆ జాజి నోరు తెరిచి అడగలేదే. నువ్వూ అడగలేదు. తాగు తల్లీ’ అంది. నేను తాగుతూనే ఉన్నాను, అమ్మ పోస్తూనే ఉంది. జగ్గు అయిపోయాక ఇద్దరం ఏడ్చాం. వాడు ఎలా ఉన్నాడో అప్పుడు చెప్పాను అమ్మకి. వాడి ముక్కు అచ్చం అమ్మదేనని."

గూటిలో జాజి సీసా దగ్గరికి వచ్చింది. టక్ టక్ మని తాగడం మొదలుపెట్టింది. నాకు ఇంకో పేషెంట్ వచ్చి ఉన్నారని రిసెప్షన్ అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చి చెప్పింది. ఒక్క నిమిషం అన్నాను. అది తాగడం అయ్యేదాకా ప్రసూనా నేనూ అలాగే కూర్చున్నాం.